మంగళవారం సంత, మెయిన్‌ఫ్రేమ్ సభ

పెద్ద కంప్యూటర్ల వాళ్ళ సభకూ, యానాం మంగళవారం సంతకూ పోలికేమిటని మీకు నవ్వు రావచ్చు. రెండూ ఎరిగినవాణ్ణి కనుక చెబుతున్నాను, పోలిక ఉంది.

ఇక్కడ పుట్టిన మన పిల్లలకు యానాం పేరు తెలియకపోవచ్చు. కాకినాడకు దగ్గర్లో, గౌతమీ గోదావరి ఒడ్డున ఉన్న ఊరు. విస్తీర్ణం 30 చదరపు కిలోమీటర్లు. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండేది. ఇప్పటికీ చుట్టూ ఆంధ్రప్రదేశే అయినా, పరిపాలన మాత్రం ఎక్కడో దూరాన ఉన్న పుదుచ్చేరి నుంచి.

మా నాన్నగారు అక్కడి సంతలో బట్టలు అమ్మేవారు. ఆయనదొక పద్ధతి. తెలిసినవాళ్ళు రాగానే కొత్త తాను విప్పేవారు కాదు. "ఏమ్మా, పోయిన నెల పట్టికెళ్ళిన చీర రంగు దిగిందా?" అని అడిగేవారు. దిగిందంటే ఏ నీళ్ళలో ఉతికారు, ఎండలో ఆరేశారా నీడలోనా అని ఆరా తీసేవారు. "లేని తగువు మీరే తెచ్చుకుంటారేమిటండీ?" అని పక్క కొట్టువాళ్ళు నవ్వేవారు. "వచ్చే మంగళవారం కూడా ఆవిడ మన దగ్గరికే రావాలి కదండీ" అనేవారు నాన్నగారు.

నేను అమెరికాలో మెయిన్‌ఫ్రేములకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీలో పనిచేస్తున్నాను. బ్యాంకుల్లో, బీమా కంపెనీల్లో, ప్రభుత్వ ఆఫీసుల్లో రాత్రీ పగలూ లెక్కలు నడిపే యంత్రాలివి. ఐ.బి.ఎం. వారు 1964లో ప్రకటించిన సిస్టమ్/360 వీటికి మూలపురుషుడు. 1990ల చివర వై2కె పనికోసం కోబాల్ నేర్చుకుని వచ్చిన మనవాళ్ళెందరికో వీటితో పరిచయమే.

ఈ యంత్రాలు వాడేవాళ్ళకు 'షేర్' అని ఒక సంఘం ఉంది. 1955లో లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో పుట్టింది. అక్కడి విమాన కంపెనీల వాళ్ళు ఐ.బి.ఎం. 704 యంత్రాలు తీసుకున్నారు. అందరికీ కావలసిన ప్రోగ్రాములను ఎవరికి వారు మళ్ళీ మళ్ళీ రాసుకోవడం దండగని, పంచుకోవడం మొదలుపెట్టారు. అంటే అమ్మేవాళ్ళు పెట్టిన సంత కాదిది, వాడేవాళ్ళు పెట్టుకున్నది.

మొదటిసారి ఆ సభకు వెళ్ళినప్పుడు మా స్టాల్ దగ్గర నిలబడడం నా వంతు. కొత్త సరుకు చూపించి, వచ్చినవాళ్ళ కార్డులు తీసుకోమని పైవాళ్ళు చెప్పి పంపారు. ఒక పెద్దావిడ వచ్చారు. ఒక రాష్ట్రంలో ఉద్యోగుల పింఛన్ల లెక్కలు ఆవిడ చేతిమీదుగా నడుస్తాయి. నాకు నోరు తిరగని అమ్మకం మాటలు పక్కనపెట్టి, "మా ప్రోగ్రాము మిమ్మల్ని ఎక్కడ ఇబ్బంది పెడుతోందండీ?" అని అడిగాను.

ఆవిడ ఒక్క నిమిషం నా ముఖంలోకి చూశారు. "14 ఏళ్ళుగా వాడుతున్నాను. ఈ మాట అడిగిన మొదటి మనిషివి నువ్వే" అన్నారు. రాత్రి 2 గంటలకు పని ఆగిపోతే తెరమీద ఒక నంబరు మాత్రం వస్తుందట. అదేమిటో తెలియాలంటే మాన్యువల్ తిరగేయాలి. "నాకు కంఠతా వచ్చు. వచ్చే ఏడాది నేను రిటైరవుతాను. నా తరవాత వచ్చే కుర్రాడి గతేమిటి? తెల్లారేసరికి పింఛను పడకపోతే, మందులు కొనుక్కోవలసిన ముసలివాళ్ళ గతేమిటి?" అన్నారు.

తిరిగొచ్చి ఆఫీసులో చెబితే, ఒక్కరి మాట మీద మార్పులు చేయలేమన్నారు. మరుసటి సభలో వచ్చినవారినందరినీ అదే ప్రశ్న అడిగాను. 11 మంది అదే బాధ చెప్పారు. ఆ జాబితా చూశాక ఒప్పుకున్నారు. ఆ తరవాతి వెర్షన్‌లో నంబరు పక్కన కారణం, చేయవలసిన పని మామూలు మాటల్లో కనిపించేట్టు చేశాం. అప్పటికి ఆవిడ రిటైరయ్యారు. ఆవిడ స్థానంలో వచ్చిన కుర్రాడు మరో సభలో కలిసి, మాన్యువల్ బీరువాలోకి వెళ్ళిపోయిందని చెప్పాడు.

మన పిల్లల్లో చాలామంది కంప్యూటర్ చదువులే చదువుతున్నారు. తెర ముందు ఒంటరిగా కూర్చునే పని అనుకుంటారు పాపం. ఉద్యోగంలో చేరాక ఏడాదికొక్కసారైనా, తాము రాసింది వాడేవాళ్ళ దగ్గరికి వెళ్ళమనండి. కొత్తది చూపించేముందు, పాతది ఎలా ఉందని అడగమనండి. వాళ్ళు చెప్పేది పూర్తిగా వినమనండి.