బామ్ మట్టికోట

ఇరాను దేశపు ఆగ్నేయభాగమున, లూత్ ఎడారి చేరువను, బామ్ అను ఊరు గలదు. కెర్మాను పట్టణమునుండి మోటారులో బయలుదేరితిమి. చాల దూరము రాళ్లును ఇసుకయునే గాని పచ్చని యాకు కానరాదు. అంతలో ఖర్జూరవనములు కన్పట్టగా ప్రాణము లేచివచ్చినట్లయ్యెను.

ఆ పచ్చదనమునకు మూలము ‘కనాతు’లను భూగర్భపు కాలువలు. కొండలదాపున నీటిపట్టు కనుగొని, అచటినుండి ఊరివఱకు స్వల్పమగు వాలుతో నేలలోపల సొరంగము త్రవ్వుదురు. ఏతముగాని కపిలగాని లేకయే నీరు తనంతట వచ్చును; ఎండకు ఇగిరిపోదు. బిందె మోసిన సోదరీమణులకు దీని విలువ నేను చెప్పవలెనా!

కోట యంతయు మట్టిపని, పచ్చియిటుకల పని. క్రింద బజారు, మసీదు, ఇండ్లు. మీద అధికారి నివాసము. 7వ శతాబ్దము మొదలు 11వ శతాబ్దమువఱకు ఈ చోటు వర్తకమార్గముల కూడలియై, పట్టు, నూలు వస్త్రములకు పేరొందెను.

2003 డిసెంబరు 26వ తేదీ తెల్లవాఱుజామున, జనులు నిద్రించుచుండగా, భూకంపము వచ్చెను. 25,000 మందికి పైగా మరణించిరి. కోటలో చాలభాగము కూలెను గాని అందు కాపురములు లేవు. ప్రాణములు తీసినవి ఊరి యిండ్లు. మట్టిగోడ కూలినపుడు పొడియై, గాలి నిలుచు సందైనను లేకుండ మనిషిని కప్పివేయును. వేసవిలో చల్లదన మిచ్చిన గోడలే యవి.

యునెస్కోవారు 2004లో ఈ స్థలమును ప్రపంచ వారసత్వపట్టికలో చేర్చిరి. మరమ్మతులకు చేయు క్రొత్త యిటుకలలో ఖర్జూరపు పీచు కలిపిరట. నున్నగా పూసిన బురుజు ప్రక్కనే మట్టిదిబ్బగా మిగిలిన వీధిని చూచితిమి. ఆ వీధిలో గడపలు మాత్రము ఇంకను గుర్తుపట్టవచ్చును.