బ్రేకు మారితే సరిపోదు

పాత కారుని ఉన్నది ఉన్నట్టే ఉంచాలా, నడిపేవాళ్ల కోసం మార్చాలా? దీనిమీద నాన్నా నేనూ దాదాపు ఏడాది వాదించుకున్నాం. కారు 1984 నాటి అంబాసిడర్ మార్క్ 4. ఊరు చోడవరం. కారు కాగితాల్లో ఇప్పటికీ విశాఖపట్నం జిల్లా అనే ఉంది, మేం మాత్రం 2022 నుంచి అనకాపల్లి జిల్లా.

నాన్నకి డెబ్భై దాటాయి. వారానికోసారైనా వడ్డాది మీదుగా మాడుగుల వెళ్లి రాకపోతే ఆయనకి తోచదు. చెరకు సీజన్లో మా చుట్టుపక్కల రోడ్లన్నీ గోవాడ షుగర్ ఫ్యాక్టరీకి వెళ్లే ట్రాక్టర్లతో నిండిపోయేవి. చాలావాటికి వెనక లైటుండదు, లోడు రెండు పక్కలా పొడుచుకొచ్చి ఉంటుంది. చీకటిపడ్డాక అలాంటిదొకటి ముందు ఆగిపోతే మన కారు ఎంత దూరంలో ఆగుతుంది? నా బెంగ అది.

"నలభై ఏళ్లు ఆపాను కదమ్మా. ఆపేది బ్రేకు కాదు, చూపు" అనేవారు నాన్న. అది గొప్పకి అన్న మాట కాదు. డ్రమ్ము బ్రేకులతో నేర్చుకున్నవాళ్లు ముందు బండి ఎర్ర లైటు కోసం ఎదురుచూడరు, దాని నడకలో తేడా పసిగట్టి ముందే కాలు వేస్తారు.

డ్రమ్ములో రెండు షూలు లోపల్నుంచి బయటికి విచ్చుకుని, తిరిగే డ్రమ్ముని ఒరుసుకుంటాయి. చక్రం తిరిగే ఊపు ఒక షూని ఇంకా లోతుగా లాగుతుంది, కాలికి ఉచితంగా వచ్చే సాయం అది. కానీ ఘాట్ రోడ్డులో పదేపదే తొక్కితే డ్రమ్ము వేడెక్కి వ్యాకోచిస్తుంది, షూలకి దూరమవుతుంది, పెడల్ కిందికి దిగిపోతుంది. నీళ్లు చేరితే తొందరగా ఆరవు. డిస్కు గాలికి తెరిచే ఉంటుంది. వేడి పోతుంది, తడి విసిరేసినట్టు వెళ్లిపోతుంది. 1953లో జాగ్వార్ లె మాన్ రేసు గెలిచింది డిస్కులతోనే. అయినా 1964లో వచ్చిన పోంటియాక్ జీటీవో లాంటి అమెరికన్ మజిల్ కారుకి నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. అంత ఇంజిన్ పెట్టుకుని అవే బ్రేకులు! అందుకే అక్కడి పాత కార్ల పిచ్చివాళ్లు చాలామంది మొదట చేయించే మార్పు ఇదే.

ఆ కబుర్లన్నీ చెప్పినా నాన్న కదల్లేదు. కదిలించింది షెడ్డు మేస్త్రి. "ఏదీ కొయ్యం, వెల్డింగు ఎట్టం. అన్నీ బోల్టులే. నచ్చకపోతే పాతవి మళ్లీ ఎక్కించేద్దారి బాబుగారూ" అన్నాడు. తిరిగొచ్చే దారి ఉందనేసరికి నాన్న ఒప్పుకున్నారు.

నావైపు తిరిగి మాత్రం మేస్త్రి ఇంకో మాట అన్నాడు. "డిస్కులొక్కటే ఎయ్యమంటే ఎయ్యను అమ్మాయిగారూ. ఏస్తే అన్నీ ఎయ్యాలి." ఆ 'అన్నీ' ఏమిటో తర్వాత అర్థమైంది. తుక్కుకి వెళ్తున్న ఒక తర్వాతి మోడల్ అంబాసిడర్ నుంచి ముందు చక్రాల హబ్బులు, క్యాలిపర్లు దొరికాయి. డిస్కులు, ప్యాడ్లు, సీళ్లు, రబ్బరు పైపులు కొత్తవి. డ్రమ్ముల మాస్టర్ సిలిండర్ కాలు తీశాక కూడా పైపుల్లో కాస్త ప్రెషర్ పట్టి ఉంచుతుంది, డిస్కులకి అదే ఉంచితే ప్యాడ్లు ఒరుసుకుంటూనే ఉంటాయి. కాబట్టి అదీ మార్చాలి. డిస్కుకి డ్రమ్ములా ఉచిత సాయం లేదు, కాబట్టి బూస్టరు కావాలి. వెనక చక్రాలకి డ్రమ్ములే ఉంచాం. గట్టిగా తొక్కితే బరువంతా ముందుకి వస్తుంది, పని ఎక్కువ పడేది ముందు చక్రాలకే.

బ్రేక్ ఆయిల్ పోసి, గాలంతా తీసేశాక, బండి కదలకుండానే మేస్త్రి ఇంజిన్ ఆపేసి నాన్నని తొక్కమన్నాడు. మొదటిసారి మెత్తగా దిగింది. రెండోసారి కొంచెం బిగిసింది. మూడోసారి పెడల్ రాయి. బూస్టరు పనిచేసేది ఇంజిన్ పీల్పుతో, ఇంజిన్ ఆగితే ఆ సాయం ఒకటి రెండు తొక్కుళ్లతో సరి.

నాన్న కాలు తీసి కాసేపు మాట్లాడలేదు. వాలు కనిపిస్తే ఇంజిన్ ఆపేసి న్యూట్రల్లో వదలడం ఆయన పాత అలవాటు. పొదుపు చేసిన పెట్రోలుతో మమ్మల్ని చదివించానని సరదాగా అనేవారు కూడా.

"అంటే ఇంక వాలులో ఆపకూడదన్నమాట."

"డ్రమ్ములున్నప్పుడూ ఆపకూడదు బాబుగారూ. అప్పుడు చెల్లిపోయింది, అంతే" అన్నాడు మేస్త్రి.

ఏడాదిగా మేం వాదించుకున్నది ఇనుము గురించి. భాగాలు విప్పి బిగించడానికి నాలుగు రోజులు చాలాయి. డెబ్భై ఏళ్ల మనిషి కాలుని మార్చుకోమనడం వేరే పని, దానికి మేస్త్రి దగ్గర స్పానరు లేదు. పాత డ్రమ్ములకి నూనె రాసి, గోనెసంచిలో చుట్టి నాన్నే అటకెక్కించారు. నెల రోజులు ఖాళీ రోడ్ల మీద తెల్లవారుజామున నడిపారు. కాలు ఎంత మెల్లగా వేయాలో మళ్లీ నేర్చుకున్నారు, నన్ను పక్కన కూర్చోనివ్వకుండా.

తర్వాత పాడేరు వెళ్లాం. ఘాట్ దిగుతున్నంతసేపూ ఇంజిన్ నడుస్తూనే ఉంది, బండి రెండో గేరులోనే ఉంది. బ్రేకు మీద కాలు అవసరమైనప్పుడే పడింది. పెట్రోలు దండగైపోతోందని మాత్రం మాడుగులలో హల్వా కొనేదాకా అంటూనే ఉన్నారు.