నార్త్‌బ్రూక్‌లో లోహపు వేలు

చికాగోకు ఉత్తరాన ఉన్న నార్త్‌బ్రూక్‌లో, కరెంటు వస్తువుల భద్రతను పరీక్షించే యూఎల్ సంస్థ పరీక్షశాల చూపిస్తానని మా పిన్ని కూతురు ఎప్పటినుంచో అంటోంది. తను పనిచేసేదీ ఆ రంగంలోనే. "ఫోను జేబులోంచి తీయకు అన్నయ్యా, ఇంకా బజారులోకి రాని సరుకు కూడా ఇక్కడుంటుంది" అని గుమ్మంలోనే చెప్పింది.

లోపల నన్ను ఆపేసింది ఒక వేలు. లోహపు వేలు, మన వేలిలాగే కణుపుల దగ్గర వంగుతుంది. టోస్టరుకో హీటరుకో ఉన్న సందుల్లో దాన్ని దూర్చి చూస్తారు. కరెంటు పారే భాగం దానికి తగిలిందా, ఆ వస్తువు తప్పినట్టే. వస్తువును బట్టి పరీక్షలు మారతాయి. కొన్నింటి తొడుగు మీద అర కిలోకి కాస్త అటూఇటూగా తూగే ఉక్కు గుండును 1.3 మీటర్ల ఎత్తునుంచి వదులుతారు. తొడుగు చిట్లితే, ఆ చిట్లిన చోట మళ్లీ వేలు పెడతారు.

నాకు బాగా నచ్చింది గుడ్డ పరీక్ష. పనిగట్టుకుని వస్తువును పాడుచేస్తారు. మోటారు తిరక్కుండా బిగించేస్తారు, థర్మోస్టాట్ పనిచేయకుండా చేస్తారు. పైన పల్చటి నూలు గుడ్డ కప్పి స్విచ్చి వేస్తారు. మోటారు మాడిపోతే మాడిపోనీ, గుడ్డ అంటుకుంటే మాత్రం ఫెయిలు. "వస్తువు చావొచ్చు అన్నయ్యా, మనిషి చావకూడదు" అంది. సరిగ్గా నానని పప్పుతో మిక్సీ బిగుసుకుపోవడం ఎరిగిన ఇళ్లలో ఇదేం వింత పరీక్ష కాదు.

దీనంతటికీ మూలం ప్రభుత్వం కాదు, నిప్పుకు భయపడ్డ ఇన్సూరెన్సు వాళ్లు. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శన కరెంటు దీపాలతో వెలిగిపోతుంటే, అక్కడి వైరింగు చూడటానికి వాళ్ల తరఫున బోస్టన్ నుంచి వచ్చాడు విలియం హెన్రీ మెరిల్, పాతికేళ్ల ఇంజనీరు. 1894లో ఆయన మొదలుపెట్టిన ల్యాబే ఇలా పెరిగింది. పరీక్ష నెగ్గిన వస్తువుకు యూఎల్ ముద్ర పడుతుంది. ఇప్పటికీ ఇంట్లో మిక్సీకి ఈ ముద్ర ఉండి తీరాలని ఫెడరల్ చట్టం లేదు. పనిచేసే చోట వాడే చాలా సామానుకు మాత్రం పనిచోట్ల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఓషా గుర్తించిన ల్యాబు ముద్ర కావాలి. ఆ జాబితాలో ఈటీఎల్ ముద్ర వేసే ఇంటర్‌టెక్, సీఎస్ఏ కూడా ఉన్నాయి కనుక, యూఎల్ కనబడలేదని కంగారు పడక్కర్లేదు. సీఈ సంగతి వేరు. అది ఐరోపా ముద్ర. చాలా సరుకుల మీద తయారీదారు తనంతట తానే వేసుకుంటాడు.

ఎనర్జీ స్టార్ మాట ఎత్తేసరికి మా చెల్లెలికి నవ్వొచ్చింది. 1992 నుంచి ఉన్న ఆ ముద్ర కరెంటు ఆదా గురించి చెబుతుంది, షాకు కొట్టదని కాదు. 2010లో ప్రభుత్వ తనిఖీ సంస్థ జీఏఓ లేని వస్తువులను పుట్టించి దరఖాస్తులు పెడితే, పెట్రోలుతో నడిచే అలారం గడియారానికి కూడా ముద్ర దక్కింది! బయటి ల్యాబు పరీక్షించి తీరాలన్న నియమం ఆ పరువు పోయాకే వచ్చింది.

సాయంత్రం డెవాన్ అవెన్యూలో ఒక మనవాళ్ల కొట్టుకు వెళ్లాం. 110 వోల్టుల మిక్సీ ఒకటి తీసి తిరగేసింది. ప్లగ్గు మీద యూఎల్ ఉంది. అడుగున, వోల్టులూ వాట్లూ రాసిన పట్టీ మీద ఏ ల్యాబు పేరూ లేదు. లోపలి స్విచ్చి మీద, అద్దంలో చూసినట్టు తిరగబడ్డ ఆర్ పక్కన యూ ఉన్న గుర్తు దొరికినా లాభం లేదట. అది విడిభాగానికి ఇచ్చేది.

"యూఎల్ ఉంది కదమ్మా, ఇదిగో" అని కొట్టాయన ప్లగ్గు చూపించాడు.

"అది ప్లగ్గుకండీ. మిక్సీకి ఉన్నది చూపించండి."

ఆయన గొణుక్కుంటూ వెనక గదిలోకి వెళ్లి ఇంకో రెండు పెట్టెలు మోసుకొచ్చాడు. ఒకదాంట్లో మిక్సీ అడుగునే ఈటీఎల్ ఉంది, ధర కాస్త ఎక్కువ. బేరమాడి అదే తీసుకున్నాం.