అమ్మకమునకు ముహూర్తము

పెండ్లికిని గృహప్రవేశమునకును దినము నిశ్చయించుకొనక అడుగు వేయని మనము, షేర్లు కొనునపుడు మాత్రము వానిని అమ్ము దినమును గూర్చి ఆలోచింపము. కొనుమని చెప్పువారు పదిమంది. అమ్ముమని చెప్పువాడు ఒక్కడును దొరకడు.

నేను నాటి బొంబాయి ఫోర్టు ప్రాంతమున గుమాస్తాగా ముప్పదియేండ్లు పనిచేసితిని. దలాల్ వీధి మా కార్యాలయమునకు నడకదూరము. 1992లో హర్షద్ మెహతా ప్రభ వెలుగుచుండగా ఏ.సి.సి. సిమెంటు షేరు వందల రూపాయలనుండి తొమ్మిదివేల దరికి ఎక్కినది. ప్రక్కబల్ల మిత్రుడొకడు "ఇంకొక్క వేయి పెరగనీ, అమ్మేస్తాను" అనుచుండెను. ఏప్రిల్ 28న సెన్సెక్సు ఒక్కనాడే 570 పాయింట్లు పడినది. ఆ వేయి రాలేదు. అతని కుమార్తె పెండ్లి ఏడాది వాయిదా పడినది.

ఇపుడు నాయొద్ద ఒక చిన్న సంస్థ షేర్లు 2,000 కలవు. 11 రూపాయల చొప్పున కొన్నవి ఎనిమిది నెలలలో 46 అయినవి. సంస్థ లాభములు అంతగా పెరుగలేదు. పెరిగినది జనుల మాటయే. మనుమరాలి ఇంజనీరింగు ఫీజు జులైలో కట్టవలెను. ఈ సొమ్ము దానికొఱకే.

"నాన్నా, ఇంకో నాలుగు నెలలు ఆగితే పన్నే ఉండదు" అని మా అబ్బాయి వాదన. లెక్క సరియైనదే. 2024 జులై 23 నుండి ఏడాదిలోపల అమ్మిన లాభముపై పన్ను నూటికి ఇరువది. ఏడాది దాటినచో లక్షా పాతికవేల లాభము వరకు పన్ను లేదు. నా లాభము 70,000. ఆగినచో మిగులునది సుమారు 14,000.

కాని ఇట్టి షేర్లు పడు తీరు వేఱు. ఈ షేరు ధరకు దినమునకు నూటికి ఐదు వంతున హద్దు గలదు. క్రింది హద్దును తాకిననాడు అమ్మువారు బారులు తీరుదురు, కొనువాడుండడు. పదిదినములు వరుసగా అట్లు జరిగెనేని 46 రూపాయల షేరు 28కి దిగువన నుండును. 36,000 పైగా హరించును. ఆ పదిదినములలో ఒక్క షేరైనను అమ్ముడుపోవునను నమ్మకము లేదు. కొనువారు ఎగబడునపుడే అమ్మవలెను, అపుడే మనసొప్పదు.

కనుక నాలుగు విడతలు ఏర్పరచితిని. మొదటి 500 షేర్లకు 23,000 వచ్చినది. పెట్టిన 22,000 తిరిగి చేరినది. తక్కిన మూడింటికి ధరలు గాక తేదీలు నిర్ణయించితిని, అన్నియు జులైకి ముందే. "అమ్మిన మర్నాడే పెరిగితేనో?" అని మా ఇంటిది అడిగినది. పెరిగినచో కొన్నవాడు సంతోషించును గాక! రెండవ విడత తేదీని ఆమెయే పంచాంగపు అట్టమీద వ్రాసి పెట్టినది.