పేర్లు నాలుగు, పాట ఒకటి

నిఘంటువు తిరగేసే అలవాటున్న వారందరికీ ‘చూ.’ అనే సంకేతం పరిచితమే. ఒక పదానికి అర్థం అక్కడ వ్రాయక, ఫలానా పదం దగ్గర చూడుమని చెప్పి కోశకారుడు ముందుకు సాగిపోతాడు. అర్థం ఒక్కచోటనే ఉంటుంది. దారులు ఎన్నైనా ఉండవచ్చును. కంప్యూటరులో సింబాలిక్ లింక్ అనేది సరిగ్గా ఇదే. అందులో దస్త్రం ఉండదు. దస్త్రం ఉన్నచోటికి దారి చెప్పే అక్షరాలు మాత్రమే ఉంటాయి. 1983లో వెలువడిన 4.2 బీఎస్‌డీతో ఇది యూనిక్స్ లోకంలో ప్రచారంలోకి వచ్చింది. నేను దీనిని ‘సూచక లంకె’ అని పిలుచుకుంటున్నాను.

ముంచింగిపుట్టు ప్రాంతంలో తెలుగు పండితుడిగా పనిచేసిన కాలంలో నా విద్యార్థుల అవ్వలూ తాతలూ పాడిన పాటలను క్యాసెట్లలో భద్రపరిచాను. పదవీ విరమణ తరువాత వాటిని ఉబుంటు ఉన్న నా కంప్యూటరులోకి ఎక్కించుకున్నాను. అప్పుడొక చిక్కు ఎదురైంది. ఒకే పాటను ఇటుకల పండుగలో పాడతారు, థింసాకూ పాడతారు. భాష ఆదివాసీ ఒరియా. పాడిన అవ్వది జోలాపుట్ జలాశయం పక్క పల్లె. దీనిని పండుగల సంచయంలో ఉంచాలా, నృత్యాల సంచయంలోనా, భాషను బట్టియా, ఊరిని బట్టియా? నాలుగు ప్రతులు తీస్తే, రేపు ఒకదానిలో చేసిన సవరణ మిగిలిన మూడింటికి అందదు. కనుక అసలు పాటను జిల్లా, మండలం, ఊరు అనే వరుసలో ఒక్కచోటనే ఉంచి, మిగిలిన సంచయాలను సూచక లంకెలతో నింపాను.

2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం జిల్లా మూడుగా విడిపోయింది. ముంచింగిపుట్టు, పెదబయలు, హుకుంపేట మండలాలు పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరాయి. మాడుగుల, చోడవరం అనకాపల్లి జిల్లాకు వెళ్ళాయి. పద్మనాభం విశాఖపట్నంలోనే ఉండిపోయింది. నా సంచయాల పేర్లనూ అందుకు తగినట్లు మార్చాను. పాటలన్నీ క్షేమమే, కానీ లంకెలలో వ్రాసి ఉన్నది పాత జిల్లా పేరు. గమ్యం కదిలితే లంకెకు కబురు అందదు. వందల లంకెలు ఒక్కసారిగా చూపు కోల్పోయాయి.

వీటిని ఒక్కొక్కటిగా మౌస్‌తో సరిదిద్దడం నా వయసుకు తగిన పని కాదు. ఇక్కడ టెర్మినల్ ఆదుకుంది. ‘ఫైండ్’కు ‘ఎక్స్‌టైప్ ఎల్’ అనే షరతు జతచేస్తే గమ్యం లేని లంకెలన్నీ వరుసగా కనబడతాయి. ‘ఎల్‌నేమ్’ అనే షరతుతో, లంకె లోపల ఏ మాటలున్నవో చూసి ఏరవచ్చును. అందుచేత పద్మనాభం పాటల జోలికి పోకుండా, మన్యం మండలాల లంకెలను మాత్రమే ఏరగలిగాను. ఏరిన ప్రతి లంకె నుండి ‘రీడ్‌లింక్’తో పాత దారిని చదివి, అందులో జిల్లా పేరు మార్చి, ‘ఎల్‌ఎన్’తో మళ్ళీ కట్టాలి. ఇదంతా ఒక చిన్న లూప్. మొదటి విడతలో ‘ఎల్‌ఎన్’కు ముందు ‘ఎకో’ చేర్చి, జరగబోయే పనిని తెరపై వ్రాయించుకుని చదువుకున్నాను. ప్రశ్నపత్రాన్ని ముద్రణకు పంపే ముందు చదువుకోవడం వంటిదే ఇది.

వ్యాకరణ తరగతిలో ఆగమం మిత్రుని వంటిదనీ, ఆదేశం శత్రువు వంటిదనీ చెబుతాం. మిత్రుడు వచ్చి పక్కన కూర్చుంటాడు. శత్రువు ఉన్నవాణ్ణి లేపి ఆ పీటపై కూర్చుంటాడు. ‘ఎల్‌ఎన్ మైనస్ ఎస్’ ఆగమం. ఆ పేరుతో అప్పటికే ఒక దస్త్రం ఉంటే ఆగిపోతుంది. దానికి ‘ఎఫ్’ చేర్చితే ఆదేశం. పాతదానిని తొలగించి ఆ స్థానాన్ని ఆక్రమిస్తుంది. అక్కడున్నది అసలు పాటైనా దానికి కనికరం లేదు. అందుకే ‘టైప్ ఎల్’ షరతుతో లంకెలను మాత్రమే ఏరి ఇవ్వాలి. ‘ఎన్’ కూడా ఉండాలి. లేకుంటే, పాత లంకె ఒక సంచయాన్ని చూపుతున్నప్పుడు కొత్త లంకె ఆ సంచయం లోపలికి పోయి కూర్చుంటుంది. నేను ‘ఆర్’ కూడా చేర్చాను. అది దారిని మూలసంచయం నుండి కాక, లంకె ఉన్నచోటి నుండి లెక్కించి వ్రాస్తుంది. భాండారమంతటినీ మరొక డిస్కుకు తరలించినా అటువంటి లంకెలు చెడవు.

ఇంత చేసినా కొన్ని తెరుచుకోలేదు. సంచయం పేరు ‘జోలాపుట్’, లంకెలోనూ ‘జోలాపుట్’. కంటికి భేదం లేదు. ‘ఓడీ’ అనే ఆదేశంతో బైట్లను పరచి చూస్తే, ఒకదానిలో పొల్లు తరువాత మూడు బైట్లు అదనంగా ఉన్నవి. తెలుగు టైపు చేసే కొన్ని పద్ధతులు పొల్లు పక్కన వెడల్పు లేని ఒక అదృశ్యాక్షరాన్ని చేరుస్తాయి. యంత్రానికి అవి రెండు వేర్వేరు పేర్లు. దస్త్రాలకు తెలుగు పేర్లు పెట్టుకునేవారు దీనిని ముందుగా అనుమానించాలి.

చెడిన లంకెలన్నింటినీ ఏరి ‘డిలీట్’ అనడం సులభమే. ఆ పని చేయలేదు. ఈ పాట ఇటుకల పండుగదని చెప్పే సాక్ష్యం, ఆ లంకె పండుగల సంచయంలో ఉండటమే. గొంతు దస్త్రంలో ఉంది. ఆ గొంతు గురించి నేను తెలుసుకున్నదంతా లంకెలలో ఉంది.

పాడినవారిలో పలువురు ఇప్పుడు లేరు. ఇటీవల ఒక పాత విద్యార్థి తన అవ్వ పాట కావాలని పెన్‌డ్రైవ్ తెచ్చాడు. తెర చూసి, “నాలుగు చోట్ల ఉంది కదా మాస్టారూ, ఒకటి పోయినా ఫరవాలేదు కదండీ” అన్నాడు. “పేర్లు నాలుగు నాయనా, పాట ఒకటే” అన్నాను. పెన్‌డ్రైవ్‌లలో సాధారణంగా ఉండే ఫ్యాట్ అమరికలో సూచక లంకెలకు చోటు లేదు. ‘సీపీ’కి పెద్ద ‘ఎల్’ చేర్చితే అది లంకె వెంబడి వెళ్ళి అసలు పాటనే ప్రతి తీస్తుంది. అట్లాగే తీసి ఇచ్చాను. ఇప్పుడు వారి ఇంట్లోనూ ఒక పాట ఉంది.