లాలాగూడ కలుగులు

సికింద్రాబాదు చెంతనున్న లాలాగూడ రైలు పనివారి యూరని యందఱెఱుగుదురు. 1893వ సంవత్సరమున నిజాము రైల్వేవా రిచట కర్మాగారమును నెలకొల్పిరి. నాటినుండి బారులు తీరిన యిండ్లును, వేపచెట్లును, పొడవైన ప్రహరీగోడలును వెలసినవి. ఈ మనుష్యుల బస్తీ క్రింద వేఱొక బస్తీ కలదు. సోదరీమణులు దానిని గూడ నొకసారి చూడవలెను.

వానలు వెలిసిన పిదప గోడల మొదళ్లయందు క్రొత్తమట్టి కుప్పలు కనబడును. అవి పందికొక్కులు త్రవ్వి తోసినవి. మా వీథి చివరి ఖాళీస్థలమున నట్టి కుప్పలను పదునేడు లెక్కించితిని. పందికొక్కు లోనికి బోయి ద్వారమును మట్టితో మూసికొనును. కావున మట్టి తడిగా నున్నచో లోపల కాపురమున్నదని యెఱుగవలెను. సాలెగూడు పట్టిన బిలము పాడుపడినది. లోపల పిల్లలకు గూడును, ధాన్యమునకు గదియు వేఱువేఱుగ నుండును. ఆంగ్లమున ‘బాండికూటు’ అను పదము మన ‘పందికొక్కు’ నుండియే పుట్టినది.

అమెరికా గడ్డిమైదానములలో ప్రెయిరీ కుక్కలను జంతువులు గలవు. పేరునకు కుక్కలేగాని, మన యుడుతకు జ్ఞాతులు. వాని కూత కుక్కమొఱుగువంటి దగుటచే నా పేరు వచ్చినది. అవి గుంపులుగా బిలములు త్రవ్వి నివసించును. ఒకటి కాపు గాయుచు, డేగను జూచి కూయగనే తక్కినవి బిలములలో దూఱును. మన పందికొక్కున కీ పొత్తు లేదు. బిలములు ప్రక్కప్రక్కనున్నను దేని కాపురము దానిదే. మఱి వీని నొక్కచోట జేర్చినదేమి? పదునేడు కుప్పలలో పదునొకటి కిరాణా అంగడి వెనుకను, మన మెంగిలిమెతుకులు పాఱబోయు మూలయందును ఉన్నవి. మన యన్నమే వానిని బిలిచినది.

ఇరుగుపొరుగువారు విషపుటుండలు పెట్టుదమనిరి. ఆ స్థలముననే పిల్లలాడుదురు. విషము దిన్న యెలుకను దిని గుడ్లగూబయు, పిల్లియు జచ్చును. అపశకునమని మనము తఱుము గుడ్లగూబయే రాత్రివేళ మనకు కావలికాయ. ప్రెయిరీ కుక్కలను విస్తారముగ విషముపెట్టి చంపిరి, ప్లేగును దోడయ్యెను. వానిని దిని బ్రతుకు నల్లకాళ్ల ఫెరెట్టు పూర్తిగ నశించెననియే తలచిరి. 1981లో వయోమింగు రాష్ట్రమున కొన్ని మాత్రము మిగిలియుండుట కనుగొనిరి.

హితోపదేశమున హిరణ్యకుడను నెలుక కథ చదివినవారెల్లరు నెఱుగుదురు. బిలములోని నిధి పోగానే వాని బలమును బోయినది. మన మవలంబింపవలసిన యుపాయ మదియే. మా వీథి స్త్రీలము మెతుకులు బయట వేయుట మాని, చెత్తబండి వచ్చువఱకు మూతగల డబ్బాలో నుంచితిమి. బియ్యము రేకుడబ్బాలకు మార్చితిమి. గోడ రంధ్రములను గాజుపెంకులు కలిపిన సిమెంటుతో పూడ్చితిమి.

ఒక్క జాగ్రత్త. ఎలుకల మూత్రము కలిసిన వాననీటివలన లెప్టోస్పైరోసిస్ అను జ్వరము రావచ్చును. పిల్లలను వట్టికాళ్లతో నీటిగుంటలలో దిగనీయరాదు. చచ్చిన యెలుకను చేతితో ముట్టరాదు.

రెండు మాసములైన పిదప మరల లెక్కించితిని. క్రొత్తమట్టి గల కుప్పలు నాలుగే. ఆ నాలుగును అంగడి వెనుకనే యున్నవి. ఆ యింటి యిల్లాలితో మాటలాడుట ఈ వారమున మేము పెట్టుకొన్న పని.