పెరట్లో గొడుగు

మా గోదావరి జిల్లాలో డిష్ యాంటెన్నాను చాలామంది 'గొడుగు' అనేవారు. ఆలోచిస్తే అది తలకిందుల పేరు. గొడుగు వాననూ ఎండనూ ఆపుతుంది. ఇది ఆకాశం నుంచి పడేదాన్ని ఒక్క చుక్కైనా పోనీయకుండా పట్టుకోవాలని నోరు తెరుచుకుని కూర్చుంటుంది. అయినా జనం పెట్టిన పేరుకు తిరుగులేదు కదా! నేను కూడా ఆ మాటే వాడుకుంటాను.

1975-76లో అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లోని 2400 పల్లెలకు టీవీ చూపించిన 'సైట్' ప్రయోగం గురించి మీలో కొందరైనా చదివే ఉంటారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ పల్లెల్లో నిలబెట్టిన పదడుగుల గొడుగులను కోళ్ళగూళ్ళకు వాడే తీగ వలతో అల్లారు. ఇరవయ్యేళ్ళ తరువాత, 1996 ఏప్రిల్‌లో, అమలాపురానికి దగ్గరలోని మా ఊళ్ళో, మా ఇంటి పెరట్లో ఎనిమిదడుగుల గొడుగు ఒకటి లేచింది. లేపినవాళ్ళం నేనూ మా బావా.

కారణం నాన్నగారు. అంతకు ముందు సంవత్సరం ఆయనకు పక్షవాతం వచ్చింది. ముప్పై రెండేళ్ళు బడిలో గొంతెత్తి పాఠం చెప్పిన మనిషికి కుడిచేయి, సగం మాట పడిపోయాయి. మంచం, కిటికీ, రేడియో, ఇంతే ఆయన లోకం. ఊళ్ళోకి కేబులు రాలేదు. ఇంటి కప్పు మీది పాత యాంటెన్నాతో టీవీలో బొమ్మ కంటే మంచు ఎక్కువ కురిసేది. నాలుగు వైపులా కొబ్బరితోటలున్న ఊరికి దూరపు ట్రాన్స్‌మిటర్ నుంచి సిగ్నలు రావడం కష్టమే. పైనుంచి తెచ్చుకోవడం ఒక్కటే దారి.

పైనంటే ఎంత పైన? భూమధ్యరేఖకు సరిగ్గా ఎగువన, సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున. అక్కడి ఉపగ్రహం భూమితో సమానంగా తిరుగుతుంది కనుక మన కంటికి ఒకేచోట నిలిచినట్టు ఉంటుంది. అంత దూరం నుంచి కొన్ని పదుల వాట్ల శక్తితో బయలుదేరిన సంకేతం మన పెరటికి చేరేసరికి పేరుకు మాత్రమే మిగులుతుంది. అందుకే అంత పెద్ద గొడుగు. అది ఏరి తెచ్చినదంతా ముందున్న కేంద్రబిందువు దగ్గరకు చేరుస్తుంది. అక్కడ కూర్చున్న ఎల్‌ఎన్‌బీ అనే చిన్న పెట్టె దాన్ని లక్షల రెట్లు పెంచి, తీగలో ప్రయాణించగల పౌనఃపున్యానికి దించి ఇంట్లోకి పంపుతుంది. సీ-బ్యాండు తరంగం పొడవు ఏడున్నర సెంటీమీటర్లు. వల కన్నాలు అంతకంటే బాగా చిన్నవైతే తరంగానికి అది వల కాదు, గోడ. గాలికి మాత్రం వలే. ఈ సంగతి తరువాత మాకు అక్కరకు వచ్చింది.

మేము గురిపెట్టినది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీదున్న ఇన్సాట్‌కు. మా ఊరి అక్షాంశం పదహారున్నర డిగ్రీలు. లెక్క కడితే ఉపగ్రహం ఆగ్నేయంగా, నేల నుంచి 66 డిగ్రీల ఎత్తులో ఉండాలి. ఆగ్నేయమంటే అగ్నిదేవుడి మూల, అక్కడ వంటిల్లే ఉండాలి అన్నారు పక్కింటి శాస్త్రిగారు. గొడుగు ఆ మూలను ఊరికే చూస్తుంది, అక్కడ కాపురం పెట్టదు అని నచ్చజెప్పాము.

వాస్తు కంటే పెద్ద చిక్కు కొబ్బరిచెట్టు రూపంలో వచ్చింది. బావితో, వంటింటితో పేచీ లేకుండా మేము ఎంచుకున్న స్థలానికి సరిగ్గా ఆగ్నేయంలో, పదిహేను అడుగుల దూరంలో అరవై అడుగుల చెట్టు ఉంది. గొడుగు నేల నుంచి ఆరడుగుల ఎత్తున ఉంటుంది కనుక అడ్డు 54 అడుగులు. 66 డిగ్రీల చూపు ఆ తలను దాటిపోవాలంటే మొదలుకు కనీసం 24 అడుగుల దూరం కావాలి. మట్టల గుబురుకు మరో పన్నెండు కలుపుకుంటే 36. బావ లెక్క అంతా విని, "చెట్టు తీసేస్తే పోదా?" అన్నాడు. అందులో తప్పేమీ లేదు. ముసలి చెట్టు, కాపు తగ్గింది. అడుగు దూలానికైనా పనికొస్తుంది.

అమ్మ మాత్రం "ఆయన్నడగండి" అంది. జబ్బు చేసిన తరువాత ఇంట్లో ఏ విషయమూ నాన్నగారి దాకా వెళ్ళడం లేదు. ఆయన అలిసిపోతారని మేమే తేల్చేసుకునేవాళ్ళం. కాగితం మీద బొమ్మ గీసి, చెట్టునూ స్తంభాన్నీ చూపించాను. ఆయన చాలాసేపు చూశారు. ఎడమచేత్తో పెన్సిలు అందుకుని, స్తంభం గుర్తును కొట్టివేసి, పశువుల పాక పక్కన వణుకుతున్న గీతతో కొత్త గుర్తు పెట్టారు. "గొయ్యి... జరుపు," అన్నారు. నెలల తరువాత ఆయన ఇచ్చిన మొదటి ఆజ్ఞ అది. బావ చెట్టు మాట మళ్ళీ ఎత్తలేదు.

పాక పక్క నుంచి చెట్టుకు నలభై అడుగులు. ఇంటికి మాత్రం దూరం పెరిగి తీగ నూట యాభై అడుగులు కావలసి వచ్చింది. దూరం పెరిగిన కొద్దీ తీగలో సంకేతం నీరసిస్తుంది. ఎల్‌ఎన్‌బీ బలం ఎక్కువ కనుక ఆ నష్టాన్ని భరించగలిగాము.

స్తంభం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మిగిలినదంతా దాని మీదే ఆధారపడింది. నాలుగంగుళాల జీఐ పైపు, పదడుగుల పొడవు. నాలుగడుగులు నేలలో, ఆరు పైన. అడుగు కొసన రెండు ఇనుప ఊచలను అడ్డంగా వెల్డింగు చేయించాము. అవి లేకపోతే గాలికి పైపు కాంక్రీటులో మరచుట్టులా తిరిగిపోతుంది. మా నేలలో నాలుగడుగులు తవ్వితే మామూలు రోజుల్లో గోతిలో నీళ్ళే. కాలువలు కట్టేసే ఎండాకాలం కనుక అడుగున చెమ్మ తప్ప ఏమీ లేదు. ఒకటికి రెండు, నాలుగు పాళ్ళలో సిమెంటు, ఇసుక, కంకర కలిపి పోశాము. మేస్త్రి గుండు వేలాడదీసి రెండు వైపుల నుంచీ చూసి నిలువు సరిచేశాడు. ఎనిమిదడుగుల గొడుగు చూపు వెడల్పు రెండు డిగ్రీలు మాత్రమే. ఆరడుగుల స్తంభం పైకొసన ఒక్క అంగుళం వాలితే ఇంచుమించు డిగ్రీ తేడా వస్తుంది, అందే సంకేతం సగానికి పడిపోతుంది. వారం రోజులు తడిగోనెలు కప్పి, పొద్దునా సాయంత్రమూ నీళ్ళు పోసింది అమ్మ.

తీగను పీవీసీ గొట్టంలో పెట్టి అడుగున్నర లోతున పూడ్చాము. పందికొక్కుల ఊరు మాది, పైపైన వేసిన తీగ నెల దాటదు. ఎల్‌ఎన్‌బీ దగ్గర తీగను కిందికి ఒక వంపు తిప్పాము, వాననీరు ఆ వంపు నుంచి కారిపోతుంది కానీ కొస లోపలికి పాకదు. స్తంభం పక్కనే బొగ్గూ ఉప్పూ వేసి ఎర్తు గొయ్యి. పిడుగును ఇది ఆపుతుందని కాదు, చిన్నాచితకా విద్యుత్తు నేలలోకి దిగడానికి దారి ఉండాలి.

గురి కుదర్చడానికి మా దగ్గర ఉన్న పరికరాలు దిక్సూచి, బడిపిల్లల కోణమానిని, దారానికి కట్టిన నట్టు. చిన్న టీవీని పెరట్లోకి మోసుకొచ్చి, బావ చూస్తూ ఉంటే నేను గొడుగును వెంట్రుకవాసి చొప్పున జరిపాను. గంటన్నర సేపు తెర నిండా మిణుకులే. తరువాత మిణుకుల వెనకాల ఒక మొహం. ఎల్‌ఎన్‌బీని కాస్త తిప్పితే ఆ మొహం తేటపడింది. ఆ రాత్రి నాన్నగారు వార్తలు మొదటి నుంచి చివరి దాకా చూసి, చదివే అమ్మాయి ఉచ్చారణలో ఒక దోషం పట్టుకున్నారు. సగం మాటతోనే దాన్ని సరిదిద్ది చెప్పారు.

ఆ నవంబరు 6న తుఫాను వచ్చింది. కోనసీమ వారికి ఆ తేదీ చెబితే చాలు, వివరం అక్కరలేదు. వందల ప్రాణాలు పోయాయి. తోటలకు తోటలే నేలకు ఒరిగాయి. మా ఇంటి పెంకులు సగం లేచిపోయాయి. మంచాన్ని మధ్యగదిలోకి లాగి, రాత్రంతా నలుగురం నాన్నగారి చుట్టూ కూర్చున్నాము. గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగింతలవుతుందని పుస్తకంలో చదివిన ముక్క ఆ రాత్రి చెవులతో విన్నాను.

తెల్లవారి చూస్తే అరవై అడుగుల చెట్టు వేళ్ళతో సహా పడి ఉంది. గొడుగు వల చాలాచోట్ల చిరిగింది, రెండు ఊచలు వంగాయి, ఎల్‌ఎన్‌బీ ఎటు పోయిందో దొరకలేదు. వల చిరిగి గాలికి దారి ఇవ్వడమే మంచిదయిందేమో, స్తంభం మాత్రం కదలలేదు. తరువాత మేస్త్రి గుండు వేసి చూసి తల ఊపాడు. చెట్టు పడిందని నాన్నగారికి నేనే చెప్పాను. ఆయన కిటికీ వైపు చూసి, "మనం కొట్టలేదుగా," అన్నారు. కొన్ని వారాలు కరెంటు లేదు. మళ్ళీ రేడియోనే.

కరెంటు వచ్చాక గొడుగు బాగుచేశాము. ఇంకో మూడేళ్ళు అది నాన్నగారికి వార్తలు అందించింది. 1999లో ఆయన వెళ్ళిపోయారు. అప్పటికే కేబులు ఊళ్ళోకి వచ్చింది. ఆ తరువాత పళ్ళెమంత డీటీహెచ్ గొడుగులు డాబాల మీద మొలిచాయి. కురచ తరంగాలు కనుక వాటికి చిన్న పళ్ళెం చాలు, కాకపోతే జడివాన పడితే కళ్ళు మూసుకుంటాయి. మా పెద్ద గొడుగు వానకు లొంగేది కాదు.

దాన్ని విప్పి పాతసామాన్లవాడికి ఇచ్చాము. స్తంభాన్ని పెకలించడం ఎవరివల్లా కాలేదు. అమ్మ దానికి బట్టల తాడు కట్టింది, వానాకాలంలో బీరపాదు ఎక్కించింది. 2000లో దానికి పదడుగుల దూరంలో, ఆగ్నేయంగా, కొబ్బరిమొక్క నాటింది. అక్కడెందుకమ్మా అంటే, "ఆ పక్క ఖాళీగా ఉందిగా," అంది. ఇప్పుడు స్తంభం పక్కన నిలబడి ఉపగ్రహం ఉండవలసిన వైపు తలెత్తితే మట్టలూ గెలలే కనిపిస్తాయి.